నావొస్తే తియ్యని దడి

ఎనిమిదో తరగతి తెలుగు వాచకంలో సామెతలకు సొంత వాక్యాలు రాయమనే అభ్యాసం ఒకటి ఉంది. అందులో 'కంచే చేను మేస్తే' దగ్గరికి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండుతుంది. పిల్లల తప్పేం లేదు. పోలీసే దొంగతనం చేస్తే కంచే చేను మేసినట్టు అని రాస్తారు, నేను టిక్కు కొడతాను. నా కోపమంతా ఆ సామెత కట్టినవాడి మీద. వాడెవడో పొలమున్న ఆసామి అయ్యుంటాడు. కంచె స్వతహాగా మంచిది, ఖర్మ కాలి ఎప్పుడో ఒక్కసారి మేస్తుంది, అప్పుడు కాపు ఏం చేయగలడు పాపం అని వాడి దిగులు. మేయడానికే పాతే కంచెలు కూడా ఉంటాయని వాడికి తెలియదు. నాకు తెలుసు, మా అప్పకి తెలుసు. అందుకే చెబుతున్నాను.

నా పేరు ఈశ్వరి. కూర్మన్నపాలెంలో బడిపంతులమ్మని. మా ఆయనకి స్టీలు ప్లాంటులో ఉద్యోగం కాబట్టి క్వార్టర్సులో ఉంటాం. పుట్టింది మాత్రం భీమిలి అవతల చింతగెడ్డపాలెంలో, సముద్రం మీద బతికే ఇంట్లో. మా వైపు అక్కని అప్ప అంటాం. మా అందరికంటే పెద్దది పోతమ్మప్ప, నడిమివాడు అర్జునరావన్న, ఆఖరుదాన్ని నేను. ఇది సునామీ అనే మాట మా జనం నోట్లో పడకముందు జరిగిన సంగతి.

మా ఊళ్ళో కంచె అనరు. దడి అంటారు. సరుగుడు కర్రలు పాతి, తాటాకులు అడ్డంగా పెట్టి, పాత వలతాళ్ళతో కట్టేస్తారు. మా పక్క క్వార్టరు అనూరాధది కడప. వాళ్ళు కంచెని వెలుగు అంటారట. మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది. చేలో దీపాలు పెట్టుకుంటారేమో అనుకున్నాను. ఎవరి మాట వాళ్ళది. మాట ఏదైనా అది ఎవరిని ఆపడానికి వేశారన్నదే అసలు సంగతి. మా దడి కుక్కల్నీ పందుల్నీ ఆపడానికి. వాకిట్లో చేపలు ఎండబోస్తాం కదా, అవి చొరబడితే ఇంకేం మిగులుతుంది! మనుషుల్ని ఆపడానికి దడి వేసినవాడు మా ఊళ్ళో పుట్టలేదు. అసలు అది మనిషి గుండె ఎత్తు కూడా ఉండదు, అటువాళ్ళూ ఇటువాళ్ళూ దాని మీద చేతులు ఆనించుకునే కబుర్లు చెప్పుకుంటారు.

నావలనైతే అస్సలు ఆపదు. మా ఊరి కట్టుబాటు అది. సముద్రం పొంగుతున్నప్పుడు ఒడ్డునున్న నావల్ని మెరక మీదకి ఎక్కించాలి. ఏ దారి దగ్గరైతే ఆ దారినే ఈడుస్తారు. "నావొత్తంది, దడి తియ్యండర్రా!" అని కేకేస్తే చాలు, ఆ ఇంటివాళ్ళు అన్నం తింటున్నా చంటిపిల్లకి నీళ్ళు పోస్తున్నా లేచొచ్చి తమ చేత్తోనే కట్లు విప్పి దడి పక్కకి పడేయాలి. నావ వాకిట్లోంచి, ఒక్కోసారి పొయ్యి పక్కనుంచి వెళ్ళిపోతుంది. సముద్రం తగ్గాక అందరూ కలిసి దడి మళ్ళీ కడతారు. నా పెళ్ళి పందిట్లోంచే ఒక నావ వెళ్ళింది. పెళ్ళికొడుకు స్టీలు ప్లాంటు మనిషి, ఊరికి కొత్త, అయినా పీటల మీంచి లేచి తనూ ఓ చేయి వేశాడు. ఆ ఒక్క పనికి మా ఊరివాళ్ళు ఇప్పటికీ ఆయన్ని నెత్తిన పెట్టుకుంటారు.

ఊరికి ఉత్తరాన పెద్ద ఇసుక దిబ్బ ఉంది. మా మెరక అదే. ఎంత తుపానొచ్చినా అలలు దాని మీదకి ఎక్కవు. మా తాతల నాటినుంచీ నావలన్నీ అక్కడికే చేరేవి. ఆ దిబ్బ ఎవరి పేరున ఉందని మేమెప్పుడూ అడగలేదు. అది ప్రభుత్వానిదనీ, దాన్ని ఒక హోటలు కంపెనీకి లీజుకిచ్చారనీ లారీలో సిమెంటు స్తంభాలు దిగాకే తెలిసింది.

హోటలు మేనేజరు గురునాథరావు స్వయంగా ఊళ్ళోకి వచ్చాడు. తెల్ల చొక్కా, మెత్తని మాట. వలలు బాగుచేసుకునే పాకలో పెద్దలందరినీ కూర్చోబెట్టి, దిబ్బ చుట్టూ ఫెన్సింగ్ వేసుకుంటాం, మీకేమైనా అభ్యంతరమా అని అడిగాడు. కులపెద్ద తవిటయ్య అందరి మొహాలూ చూశాడు. ఆయనది ఎప్పుడూ గోడ మీద పిల్లి వాటమే.

"మీ సోటు సుట్టూ మీరు దడేసుకుంటే మాకేటి బాబూ? ఏసుకోండి. నావలొచ్చినప్పుడు తీత్తే సాలు," అన్నాడు.

"గేటు పెడతామయ్యా. లారీ పట్టేంత గేటు. పైగా వాచ్‌మన్ ఉద్యోగం మీ ఊరి కుర్రాడికే ఇస్తాం," అన్నాడు గురునాథరావు.

ఇంకేం కావాలి? లారీ పట్టే గేటులో నావ పట్టదా? పడుతుందనుకున్నారు, నవ్వుకున్నారు, టీలు తాగారు. గేటు ఎవరు తీస్తారు, తియ్యకపోతే ఏం చెయ్యాలి అని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. దాహమని వచ్చినవాడికి నీళ్ళిస్తారా అని ముందుగా అడిగి కాగితం రాయించుకుంటామా? ఇదీ అంతే అనుకున్నారు. దడి అన్నాక నావొస్తే తీస్తారు, దానికి మాట్లాడుకోవడం ఏమిటి! ఎవరి లోకంలో వాళ్ళుండి ఒప్పుకున్న ఒప్పందం అది. తెలివితక్కువతనం అంటారా? అనండి. కానీ ఆ తెల్ల చొక్కా మనిషికి తవిటయ్య మాట వినపడలేదంటే మాత్రం నేను నమ్మను. వినపడింది. వినపడే గేటు కబురు చెప్పాడు.

ఫెన్సింగ్ లేచింది. సిమెంటు స్తంభాలు, ఇనుప జాలీ, పైన ముళ్ళ తీగ. సముద్రం వైపు ఊచల గేటు, దానికి గొలుసు, గొలుసుకి తాళం. వాచ్‌మన్ ఉద్యోగం మా అర్జునరావన్నకే వచ్చింది. వేటలో నడుం పట్టేసి నావెక్కడం మానేసిన మనిషి, నలుగురు పిల్లలు, ఉద్యోగం అంటే సంతోషించాడు. మేమూ సంతోషించాం. మనవాడే గేటు దగ్గరుంటే ఇంక భయమేమిటి అంది అప్ప. కాకీ చొక్కా తొడుక్కుని అన్న వస్తే దిష్టి కూడా తీసింది.

అప్ప గురించి చెప్పాలి. మా బావ జబ్బు చేసి పోయాక ఊళ్ళో చాలామంది నావ అమ్మేయమన్నారు. అప్ప వినలేదు. అది కర్ర నావ, భీమిలి వడ్రంగులు కట్టింది, మా బావ బతికుండగా ఏడాదికోసారి తన చేత్తో తారు పూసుకున్నది. ఆడమనిషి వేటకి వెళ్ళదు కాబట్టి కొడుకు దుర్గారావుని ముందు పెట్టి, తోడుగా మరికొంతమందిని కుదిర్చి నావ నడిపించింది. పడిన చేపని తానే గంపకెత్తి తగరపువలస సంతకి మోసుకెళ్ళేది. ఫైబరు తెప్పలొచ్చి అందరూ వాటికి మారిపోయినా అప్ప మారలేదు. "ఫైబరు తేలిగ్గా ఉంటాది గానీ, అల కొడితే భయమేత్తాదే. ఈ నావ మీద ఆడెల్తే నాను నిద్దరోతాను," అనేది. కొడుకు సముద్రం మీద ఉండగా తల్లి నిద్రపోగలగడం కంటే ఇంకేం కావాలి ఆవిడకి? ఆ నావ పోతే ఆ ఇంట్లో వేట ఆగిపోతుంది. ఇంకో కర్ర నావ కట్టించే రోజులు కావు.

ఫెన్సింగ్ వేశాక మొదటి తుపాను దసరా సెలవుల్లో వచ్చింది. నేను ఊళ్ళోనే ఉన్నాను. పోర్టులో హెచ్చరిక జెండా ఎగరేశారని రేడియోలో చెప్పారు. మర్నాడు పొద్దున్నే సముద్రం రంగు మారింది. ఆడా మగా అందరం ఒడ్డుకి పరిగెత్తాం. నావల కింద కర్రలు వేసి తాళ్ళు కట్టి దిబ్బవైపు లాగడం మొదలెట్టాం. అప్పది అన్నిటికంటే బరువైనది కాబట్టి దాన్నే ముందు తీసుకెళ్ళారు. గేటు దాకా వచ్చాక అప్ప మామూలుగానే కేకేసింది.

"ఓరె అర్జునా! నావొచ్చినాది! దడి తియ్యిరా!"

అన్న గేటు అవతల నిలబడి ఉన్నాడు. కదల్లేదు.

"అప్పా, సారుని అడిగొత్తానుండు," అన్నాడు.

"ఏటడిగేది? నావ ఈడుండగా నువ్వెల్లి అడుగుతావా?"

అన్న పరిగెత్తాడు. వానలో తడుస్తూ మేము నిలబడ్డాం. వెనక అల ప్రతిసారీ ఇంకొంచెం పైకి వస్తోంది. నా జన్మలో నావ పట్టుకుని ఒకరి వాకిట్లో ఆగి చూడటం అదే మొదటిసారి. అన్న తిరిగొచ్చి గేటు అవతలే నిలబడ్డాడు.

"లోపల గెస్టుల కార్లు ఉన్నాయంట. నావలు తగిలి గీసుకుపోతాయంట. ఓనరుగారికి ఫోన్ సేత్తన్నాడు సారు. కాసేపాగమన్నాడు," అన్నాడు.

కాసేపు! సముద్రానికి ఆ మాట వెళ్ళి చెప్పమనాల్సింది ఆ గురునాథరావుని. ఫైబరు తెప్పలవాళ్ళు ఆగలేదు. తేలికైనవి కనుక ఎత్తుకుని, ఊరి మధ్య సందుగుండా రోడ్డు మీదకి చేర్చేశారు. దారిలో అడ్డొచ్చిన తాటాకు దళ్ళన్నీ అప్పటికే తీసేసి ఉన్నాయి. అప్ప నావ ఆ సందులో పట్టదు, వెనక్కి తిప్పడానికీ వీల్లేదు. దుర్గారావు ఇంట్లోంచి కత్తి తెచ్చి జాలీ మీద కొట్టడం మొదలెట్టాడు. తవిటయ్య వాడి చేయి పట్టుకున్నాడు.

"ఒరే, కేసవుతాదిరా! ఊరంతా టేసనుకి ఎల్లాలి. ఆగరా, సారు ఫోన్ సేత్తన్నాడన్నాడు కదా!"

"ఫోనొచ్చేసరికి నావుంటాదేటి పెద్దయ్యా?" అని దుర్గారావు చేయి విదిలించుకుని మళ్ళీ కొట్టాడు. జాలీ తెగడంలేదు, చేపల కత్తికి ఇనుము తెగుతుందా?

అప్ప ఊచలు పట్టుకుని అరుస్తూనే ఉంది. "అర్జునా, దడి తియ్యిరా! ఓరె, నీ బావ నావరా! నువ్వెక్కిన నావరా!" అన్న మొహం పక్కకి తిప్పుకున్నాడు. అంతలో వచ్చిన అల మా కాళ్ళ కింది ఇసుకని లాగేసింది. తాళ్ళు వదిలేసి అందరం పక్కకి దూకాం. నావ లేచి, తిరగబడి, గేటు పక్క సిమెంటు స్తంభాల మీద పడింది. ఇంకో అల వచ్చి దాన్నే ఎత్తి మళ్ళీ అక్కడే కొట్టింది. చెక్క విరిగిన చప్పుడు గాలిహోరులో కూడా వినపడింది. రెండు స్తంభాలు వంగాయి. నావ నిలువునా చీలిపోయింది.

ఓనరు ఫోనులో దొరికాడో లేదో నాకిప్పటికీ తెలియదు. గేటు మాత్రం తియ్యలేదు.

తుపాను వెలిశాక అప్ప వెళ్ళి చెక్కలు ఏరుకొచ్చింది. ఏడవలేదు. అన్న ఇంటికి వస్తే తలుపు తీసింది, అన్నం పెట్టింది. నేను మాత్రం ఊరుకోలేదు. సిగ్గులేదా అన్నియ్యా, గేటుకి కాపలా కాయమంటే తోడబుట్టినోళ్ళని ముంచమని కాదు కదా అని నోటికొచ్చినట్టు తిట్టాను. అన్న అన్నం ముందు తల దించుకుని కూర్చున్నాడు. అప్పే నా మీద కసిరింది, అన్నం తినేవాడిని అనకూడదని.

ఇంతలో అంతకంటే గొప్ప సంగతి జరిగింది. కానిస్టేబులు వచ్చి పోతమ్మ ఎవరు, స్టేషనుకి రావాలి అన్నాడు. పోయిన నావకి ఏమైనా ఇప్పిస్తారేమో అని అప్ప మంచి చీర కట్టుకుంది. తోడు నేనూ వెళ్ళాను. అక్కడ ఎస్సై కుర్చీ పక్కన గురునాథరావు కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. ఎస్సై మా వైపు తిరిగి, "మీ నావ తగిలి హోటలువాళ్ళ ఫెన్సింగ్ పాడైంది, కంప్లయింటిచ్చారు. ఏమంటావు?" అన్నాడు.

అప్పకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆ మాట ఆ మనిషి నోట్లోంచి ఎలా వచ్చింది? విరిగింది ఎవరిది, విరగ్గొట్టింది ఎవరిది? గొంతుకోసినవాడు వచ్చి, మీ మెడ తగిలి నా కత్తి మొద్దుబారింది అన్నట్టుంది. అదే మాట ఎస్సైతో అన్నాను. ఆయన టీచరుగారూ, మీరు కూర్చోండి అన్నాడు.

"గేటు తెరిచే ఉంచామండీ," అన్నాడు గురునాథరావు మెత్తగా. "వీళ్ళే కంగారులో గేటు చూసుకోకుండా స్తంభాల మీదకి తోలారు. మా వాచ్‌మనే సాక్షి. వీళ్ళ సొంత మనిషే, అబద్ధం చెప్పాల్సిన పనేముంది? మాకు డబ్బులేం వద్దు. ఇకమీదట ఇటు నావలు తీసుకురామని ఊరివాళ్ళు ఒప్పుకుంటే కంప్లయింటు వెనక్కి తీసుకుంటాం."

అదీ సంగతి. దిబ్బ దక్కింది, దారి కూడా దక్కించుకోవాలి. దానికి విరిగిన నావే వంక. అన్నని పిలిచారు. కాకీ చొక్కాలో వచ్చి నిలబడ్డాడు. ఎస్సై, "గేటు తీసుందా, మూసుందా?" అని అడిగాడు. అన్న గురునాథరావుని చూశాడు, నన్ను చూశాడు. అప్పని చూడలేకపోయాడు. ఆ క్షణంలో అన్న ఏం చెబుతాడో నాకు తెలుసనుకున్నాను. తిట్లు సిద్ధం చేసుకున్నాను.

"మూసుంది బాబూ," అన్నాడు అన్న. "తాళం నా జేబులోనే ఉంది. మా అప్ప దడి తియ్యమని అరిసినాది. నాను ఇనపడనట్టు నిలబడ్డాను. తీత్తే పనిలోంచి తీసేత్తానన్నాడు సారు. మా ఊర్లో ఎవుడూ సెయ్యని పని నాను సేసినాను. రాసుకోండి."

ఎస్సై కలం కింద పెట్టాడు. గురునాథరావు కాలు మీంచి కాలు తీశాడు. తర్వాత ఎవరూ ఏమీ రాసుకోలేదు. రాజీ అన్నారు, కంప్లయింటు లేదన్నారు, వెళ్ళిరండమ్మా అన్నారు. మరి నావ మాటో అని నేను అడిగితే, తుపానుకి పోయిన నావకి మేమేం చేస్తామండీ, సముద్రం మీద కేసు పెట్టలేం కదా అని ఎస్సై నవ్వాడు. ఇప్పటికీ ఆ నవ్వు గుర్తొస్తే నాకు రక్తం ఉడికిపోతుంది. బయటికొచ్చాక అప్ప అన్న భుజం మీద చేయి వేసింది. ఇద్దరూ ఏడ్చారు. నేను కూడా.

ఆ సాయంత్రమే అన్న ఉద్యోగం పోయింది. కొన్నాళ్ళు ఊళ్ళో పని వెతుక్కుని, దొరక్క, పిల్లల్ని తీసుకుని పరవాడ వైపు కూలిపనికి వెళ్ళిపోయాడు. నడుం నొప్పి మనిషి ఇటుకలు మోశాడు.

బడి తెరిచాక ఇదంతా స్టాఫ్‌రూములో చెప్పి అరిచాను. మా ఇంగ్లీషు మాస్టారు శ్రీరామ్మూర్తిగారు చదువుకున్న మనిషి. అన్నీ విని, "ఫెన్స్ అనే మాట డిఫెన్స్ నుంచి వచ్చిందమ్మా. ముందక్షరాలు రాలిపోయాయి. రక్షణ అని అసలు అర్థం," అన్నారు.

"ఎవరికి మాస్టారూ? ఎవరి నుంచి?" అన్నాను.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "ఇంకో అర్థం కూడా ఉందిలే. దొంగసొత్తు కొని దాచేవాడిని కూడా ఇంగ్లీషులో ఫెన్సే అంటారు," అన్నారు. అది మాత్రం బాగా నచ్చింది నాకు. ఆ ఒక్క అర్థమే చాలు, మిగతావి తీసేయమనండి డిక్షనరీలోంచి.

సంక్రాంతి దాటాక ఒక ఆదివారం ఊరెళ్ళాను. వంగిన స్తంభాల చోట కొత్తవి లేచాయి, మునుపటికంటే ఎత్తు. ముళ్ళ తీగ మరో రెండు వరసలు పెంచారు. అప్ప ఇంట్లో లేదు. పక్కింటివాళ్ళు హోటలు గేటు దగ్గరుంటుంది చూడమన్నారు. ఏం పనో అనుకుంటూ వెళ్ళాను.

గేటు అవతల కాకీ చొక్కాలో దుర్గారావు నిలబడి ఉన్నాడు.

నేను ఆగలేకపోయాను. "సిగ్గులేదట్రా? నీ నావ ఎక్కడ చీలిందో అక్కడే నిలబడి వాళ్ళకి కాపలా కాస్తున్నావా? మీ మావ ఈ చొక్కా విప్పేసి పోతే నువ్వెళ్ళి తొడుక్కున్నావా?" అని కడిగేశాను.

వాడు కోపం తెచ్చుకోలేదు. "నావ నేదు కద పిన్నీ. నానేటి సెయ్యాల?" అన్నాడు. "పక్కోడి తెప్ప మీద కూలికెల్తే ఓ రోజు పిలుత్తారు, ఓ రోజు పిలవరు. పరవాడ ఎల్లిపోతే అమ్మనెవులు సూత్తారు? ఈ ఉజ్జోగానికి మనూరోళ్ళే ఎంతమందొచ్చేరో నీకు తెలుసా? నావ పోయినోడని నాకిచ్చినాడు సారు."

నావ పోగొట్టినవాడు, నావ పోయినవాడివని ఉద్యోగం ఇచ్చాడట! దానికి వీడు దండం పెట్టుకోవాలట! ఇంకా ఏదో అనబోతున్నాను. అంతలో అప్ప క్యారేజీ పట్టుకుని వచ్చింది. నన్ను చూసి, "ఎప్పుడొచ్చినావే?" అని మామూలుగా పలకరించి గేటు ముందు ఇసుకలో చతికిలబడింది. డ్యూటీలో ఉన్నవాడు బయటికి రాకూడదు, బయటివాళ్ళకి గేటు తియ్యకూడదు. ఊచల సందులో క్యారేజీ గిన్నె పట్టదు. అప్పకి అదంతా అలవాటైపోయినట్టుంది. మూత తీసి, అన్నంలో చేపల పులుసు కలిపి, ముద్ద చేసి ఊచల్లోంచి చేయి పెట్టింది. దుర్గారావు వంగి అందుకుని నోట్లో పెట్టుకున్నాడు. పెళ్ళీడుకొచ్చిన కొడుకు. నడుముకి తాళంచెవుల గుత్తి వేలాడుతోంది.

నా వెనక కారు హారన్ కొట్టింది. ఎవరో గెస్టులు, తడిసిన పిల్లలతో సముద్రం చూసి తిరిగొస్తున్నారు. దుర్గారావు మూతి తుడుచుకుని గబగబా తాళం తీశాడు. లారీ పట్టే గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి సెల్యూట్ కొట్టాడు. అప్ప గిన్నె ఒళ్ళో పెట్టుకుని, కలిపిన ముద్ద చేతిలో పట్టుకుని, కారుకి అడ్డం లేకుండా పక్కకి జరిగింది. కారు లోపలికి వెళ్ళింది. దుర్గారావు గేటు మూసి, గొలుసు చుట్టి, తాళం వేశాడు.

అప్ప మళ్ళీ ముందుకి జరిగి ఊచల్లోంచి చేయి పెట్టింది.

"అప్పా, గేటు తియ్యమనవేమే వాడిని!" అని అరిచాను.

"ఊరుకోయే," అంది అప్ప, నా వైపు చూడకుండా. "ఆడు డూటీలో ఉన్నాడు."